మునిగిన ఇంటికి పన్ను

పోయిన గురువారం మునిసిపల్ కౌన్సిలు వాళ్ళు మా గేటుకి ఒక నోటీసు అంటించి వెళ్ళారు. పాత బకాయి, దాని మీద అపరాధ రుసుము, పదిహేను రోజుల గడువు, కట్టకపోతే నీళ్ళ కనెక్షన్ తీసేస్తామన్న బెదిరింపు, అన్నీ పద్ధతి ప్రకారమే ఉన్నాయి. ఒక్కటే తేడా. ఇల్లు నాది కాదు. ఆ మాటకొస్తే అదిప్పుడు ఇల్లే కాదు. సునామీ వచ్చిన ఏడాది నేల కుంగిన దగ్గర్నుంచి సముద్రం దాన్ని కొంచెం కొంచెంగా వాడుకుంటూ వచ్చి, చివరికి పూర్తిగా ఉంచేసుకుంది. ఆటు బాగా తీసిన రోజున రెండు గోడల మొదళ్ళూ, వంటింటి గట్టూ కనిపిస్తాయి. మిగతా రోజుల్లో అక్కడ చేపలు కాపురముంటాయి.

ఆ ఇంటాయన మొన్నటి వానల్లో పోయారు.

నోటీసు చదివి ముందు నవ్వాను. తర్వాత ఆ గేటు దగ్గరే నిలబడి ఏడ్చాను. పక్కింటి బెంగాలీ ఆవిడ గాభరాగా వచ్చి "క్యా హువా దీదీ?" అంటే "ఇంటిపన్ను" అన్నాను. ఆవిడ ఎంతో సానుభూతిగా తలూపి లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన పేరు నాకు బాగా తెలుసు. ఎన్నో అర్జీల అడుగున నా చేత్తోనే రాశాను. కానీ ఆ పేరుతో ఆయన్నెవరూ పిలవలేదు, నేనూ పిలవను. అందరికీ ఆయన సరంగు గారు. ఫీనిక్స్ బే రేవు నుంచి దీవులకి తిరిగే బోట్ల మీద కళాసీగా చేరి, సిబ్బందికి పెద్దయి, సరంగుగా రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు మనిషి. నేను సర్కారు బళ్ళో తెలుగు టీచర్ని. డాలీగంజ్‌లో వాలు మీద మా ఇల్లు. వాలు దిగి దిగి, ఇంక దిగడానికి ఏమీ లేనిచోట, క్రీకు అనే సముద్రపు పాయ ఒడ్డున ఆయనిల్లు. పాత బోటు చెక్కలు వేలంలో కొని, సెలవు దొరికినప్పుడల్లా ఒక్కో గదీ కట్టుకున్నారట. ఆ ఇంటి తలుపులు కొంచెం వంపుగా ఉండేవి. పడవకైతే అది అందమేమో, తలుపుకి మాత్రం గొళ్ళెం పడేది కాదు.

ఆయన నేల మీద కూడా కాళ్ళు ఎడంగా పెట్టి, ఎటు ఊగుతుందోనన్నట్టు నడిచేవారు. చొక్కా జేబులో ఆటుపోట్ల పట్టీ పుస్తకం ఎప్పుడూ ఉండేది. ఏ రోజు ఏ వేళకి నీరు ఎంత ఎత్తు వస్తుందో అందులో అంకెల్లో ఉంటుంది. చేపలు కొనాలన్నా, గడ్డం గీయించుకోవాలన్నా, ఎవరింటికైనా పెళ్ళిమాటలకి వెళ్ళాలన్నా ఆ పుస్తకం తీసి చూసేవారు. అంకెలు తప్ప ఇంగ్లీషూ, హిందీ చదవడం ఆయనకి రాదు. కౌన్సిలు నోటీసులేమో ఆ రెండు భాషల్లోనే వచ్చేవి. అలా నా దగ్గరికి వచ్చారు.

"సదవండి టీచరమ్మా. గట్టిగా సదవండి, ఆ కౌన్సిలోల్లకి ఇనపడాల" అనేవారు. నేను చదివి తెలుగులో చెబుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. అపరాధ రుసుము దగ్గరికి వచ్చేసరికి ఒక కన్ను తెరిచేవారు.

పన్ను ఎందుకు కట్టలేదంటే దానికో చరిత్ర ఉంది. సునామీకి చాలా ఏళ్ళ ముందు వాళ్ళ ఇంటి ముందు మురుగుకాలవ వేస్తామని కౌన్సిలు మాటిచ్చిందట. వేయలేదు. "కాలవ రాగానే పన్ను వస్తాది" అని ఈయన భీష్మించుకున్నారు. ఏడాదికేడాది బకాయి పెరిగింది, కాలవ పెరగలేదు. పన్ను ఎగ్గొట్టే మనిషి కాదు. బజార్లో ఎవరికీ అర్ధణా బాకీ ఉండేవారు కాదు. కానీ కౌన్సిలు విషయంలో మాత్రం ఆయనకి పట్టుదల, ఆ పట్టుదల్లో రుచి కూడా ఉండేదని నా అనుమానం.

అప్పుడు సునామీ వచ్చింది. ఆ రోజు గురించి ఆయన నాతో ఒక్కసారే చెప్పారు. భార్యని ఇంటి వెనకున్న జీడిమామిడి చెట్టు మీదికి ఎక్కించి, కింద తను మెడలోతు నీళ్ళలో చెట్టుని వాటేసుకుని నిలబడ్డారట. "నీల్లు వస్తాయి, పోతాయి టీచరమ్మా, అది నాకు తెలుసు. ఆ రోజు మాత్రం పోతాయో నేదో తెలవనేదు" అన్నారు. ఆ మాట అన్నప్పుడు మాత్రం జేబులో పుస్తకం మీద చెయ్యి వేసుకుని, చాలాసేపు తియ్యలేదు.

నీళ్ళు పోయాయి. కానీ నేల కిందికి దిగిపోయింది. అప్పట్నుంచీ పెద్ద పోటు వచ్చిన రోజుల్లో, రోజుకి రెండుసార్లు, సముద్రం ఆయన ఇంట్లోకి వచ్చి వెళ్ళేది. చుట్టుపక్కల వాళ్ళంతా ఖాళీ చేసి రేకుల షెడ్లకి పోయారు. ఈయన కదల్లేదు. మంచం కాళ్ళ కింద ఇటుకలు పెట్టారు, పొయ్యిని గట్టెక్కించారు, కోళ్ళకి అటక కట్టారు. పోటు వేళకి ఆయన భార్య చెప్పులు తీసి గూట్లో పెట్టి, చీర కుచ్చిళ్ళు దోపుకుని, మంచమెక్కి కూర్చుని బియ్యం ఏరుకునేది. నీరు తీశాక దిగి గది కడుక్కునేది.

నేను ఆవిడని పిన్నీ అనేదాన్ని. ఆవిడ మాటలు తక్కువ. ఒకసారి మాత్రం, పాచి మీద జారి పడి నడుం పట్టుకున్న రోజున, నాతో అంది: "మీ సరంగు గారికి కౌన్సిలు మీద గెలవాలనుందమ్మా. నాకైతే ఆరిన నేల మీద కాలెట్టి మంచం దిగాలనుంది. అంతే."

పునరావాసాల హడావిడి సద్దుమణిగాక కౌన్సిలుకి పాత బకాయిలు గుర్తొచ్చాయి. సరంగు గారికి నోటీసు వచ్చింది. పోస్టుమాన్ నీళ్ళలో దిగనన్నాడని, చిరునామా నా ఇంటి మీదుగా పెట్టించుకున్నారు. నేను చదివాను. కట్టకపోతే నీళ్ళు ఆపేస్తామన్న వాక్యం దగ్గర ఆయన రెండు కళ్ళూ తెరిచారు.

"ఏ నీల్లు?"

"కుళాయి నీళ్ళండీ."

"కుళాయి అని రాసినాడా, ఉత్త నీల్లనే రాసినాడా?"

"నీళ్ళనే ఉంది."

ఆయన ముఖం వెలిగిపోయింది. "కాగితం తియ్యండి. రాసీండి. అయ్యా, తమరు మా ఇంటికొచ్చే నీల్లు ఆపుతామన్నారు, సాలా సంతోషం. రోజుకి రెండుసార్లు వస్తన్నాయి. పొద్దున్నవి ముందు ఆపండి, సందేలవి తరవాత సూసుకుందాం. రాసినారా?"

రాశాను. తర్వాత కాలవ సంగతి. "నేను కాలవ అడిగితే తమరు సముద్రాన్నే ఇచ్చినారు. మంచిదే. గానీ సగం రోజు నా ఇంట్లో సముద్రం ఉంటంది. ఆ సగం పన్ను దాని దగ్గిర వసూలు సేసుకోండి." ఆ తర్వాత తిట్లు. అధ్యక్షుడి దగ్గర మొదలుపెట్టి అటెండరు దాకా ఎవరినీ వదల్లేదు. నేను ఆ ధారంతా విని హిందీలో పది వరుసలు రాసి, తిరిగి తెలుగులో చదివి వినిపించాను. ఆయనకి నచ్చలేదు.

"అరగంట తిడితే ఇంతేనా వచ్చింది?"

"హిందీలో కొంచెం కుదించుకుపోతుందండీ."

"మన డబ్బులు కూడా అలగే కుదించీమనండి" అని సంతకం పెట్టారు.

అర్జీ ఇచ్చిన ప్రతిసారీ నకలు మీద కౌన్సిలు ముద్ర వేయించుకుని రావాలని నేను పట్టుబట్టాను. టీచర్ల అలవాటు. ఆ నకళ్ళన్నీ మా ఇంట్లో, పరీక్ష పేపర్ల కట్టల మధ్య, ఒక ఫైల్లో పెట్టాను. ఎనిమిది అర్జీలయ్యాయి.

తనిఖీకి ఇన్‌స్పెక్టర్ వచ్చేవాడు. ఉత్తరాది కుర్రవాడు, కొత్తగా ఉద్యోగంలో చేరాడు, తెల్లటి బూట్లు వేసుకునేవాడు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ భోజనం చేసి మూడింటి వేళకి. ఆ వేళకి ఆటు. ఇల్లు శుభ్రంగా కడిగి, ఆరబెట్టినట్టు ఉండేది. పిన్ని పనిమంతురాలు కావడమే మాకు చేటైంది. "ఇల్లు పొడిగా, నివాసయోగ్యంగా ఉంది" అని మూడుసార్లూ రాసుకుపోయాడు.

నాలుగోసారికి సరంగు గారు జేబులోంచి పుస్తకం తీశారు. పేజీలు తిప్పి, వేళ్ళు మడిచి, పున్నమి వెళ్ళిన మూడో రోజు పొద్దున్న తొమ్మిదింటికి రమ్మని నాచేత తొమ్మిదో అర్జీ పెట్టించారు. అది ఆదివారం కాదు కాబట్టి నేను సెలవు పెట్టాను. అది చూడకుండా బడికి పోయేంత మంచి టీచర్ని కాను.

కుర్రవాడు స్కూటర్ మీద వచ్చాడు. వాకిట్లో పొడినేల మీద స్కూటర్ నిలిపి, "సబ్ సూఖా హై, చాచా" అన్నాడు విసుగ్గా, అంతా పొడిగానే ఉంది కదా అని.

"బిల్కుల్ సూఖా సాబ్! బైఠియే, చాయ్ పీజియే" అని సరంగు గారు మంచం చూపించారు. పిన్ని ఉప్మా పెట్టింది. టీ ఇచ్చింది. ఈయన కార్ నికోబార్ దారిలో తుఫానులో చిక్కుకున్న కథ మొదలుపెట్టారు. నాకు తెలిసి ఆ కథ పావుగంటలో అయిపోతుంది. ఆ రోజు అందులో ఇంకో తుఫాను కలిసింది, ఒక పురుడు కూడా కలిసింది. కుర్రవాడు పురుడు దగ్గర లీనమైపోయాడు. బోటులో పుట్టిన బిడ్డ ఆడో మగో సరంగు గారు ఎంతకీ చెప్పరే!

పిన్ని చడీచప్పుడు లేకుండా లేచి, మా అందరి చెప్పులూ గూట్లో పెట్టింది. కోళ్ళు వాటంతట అవే అటకెక్కాయి. నేను కాళ్ళు పైకి ముడుచుకున్నాను. గడప మీదుగా ఒక సన్నటి నీటిపాయ లోపలికొచ్చి, మంచం కింద చూసుకుని, అటూ ఇటూ విచ్చుకుంది.

"చాచా! పానీ!"

"హా సాబ్, పానీ. లడ్‌కీ హుయీ థీ" అన్నారు సరంగు గారు, ఆ బిడ్డ ఆడపిల్లేనని ఎట్టకేలకి తేల్చి.

కుర్రవాడికి అప్పుడు స్కూటర్ గుర్తొచ్చింది. కిటికీలోంచి చూస్తే సీటూ, హ్యాండిలూ కనిపిస్తున్నాయి. మిగతాది సముద్రంలో ఉంది. దూకబోతే సరంగు గారు చెయ్యి పట్టుకుని ఆపి, పుస్తకం తీసి అంకె మీద వేలు పెట్టారు. పదకొండున్నరకి నిండు పోటు. రెండు దాటితే గానీ కదలడం కుదరదు. నలుగురం ఆ ఒక్క మంచం మీద కూర్చున్నాం. కుర్రవాడు బూట్లు ఒళ్ళో పెట్టుకుని, వాటి మీద కాగితం పెట్టి, అక్కడికక్కడే నివేదిక రాశాడు. ఇల్లు సముద్రంలో ఉంది, బకాయి మొత్తం రద్దు చేసి, ఇంటి నంబరు రిజిస్టర్లోంచి కొట్టేయవలసిందని. పిన్ని అతనికి చేపల పులుసుతో అన్నం పెట్టింది. ఆ చేప ఎక్కడిదని అతను అడగలేదు.

రెండు నెలలకి ఉత్తర్వు వచ్చింది. బకాయి లేదు, ఇంటి నంబరు కొట్టివేయబడింది. సరంగు గారు వీధంతా జిలేబీ పంచారు. ఇన్నేళ్ళ నోటీసులన్నీ గుట్టగా తీసుకెళ్ళి, పుస్తకం చూసి, సరిగ్గా ఆటు జోరుగా తీసే వేళకి క్రీకులో వదిలారు. తిరిగి రాకూడదని. నేనూ చప్పట్లు కొట్టాను. మాకంటే తెలివైనవాళ్ళు ఈ దీవుల్లో లేరనుకున్నాం.

ఆ నెలలోనే, నేల కుంగి ఇళ్ళు పోయినవాళ్ళకి ఎత్తు మీద స్థలాలు ఇస్తామని సర్కారు ప్రకటించింది. పిన్ని తనంతట తను మా ఇంటికి రావడం అదే మొదటిసారి. "ఫారం నింపమ్మా" అంది. మేం ముగ్గురం ఆఫీసుకి వెళ్ళాం. గుమాస్తా ఫారం చూశాడు, రిజిస్టరు తిరగేశాడు.

"చాచా, ఈ నంబరు ఇంటిని కొట్టేసి ఉంది. రికార్డులో మీకు ఇల్లు లేదు. లేని ఇల్లు మునగడం ఏమిటి?"

"ఉండీది బాబూ! ఇరవై ఏల్లు ఉండీది!"

"అయితే పన్ను కట్టిన రసీదులు చూపించండి."

సరంగు గారు వెనక్కి తిరిగి చూశారు. పన్ను క్రమంగా కట్టిన పొరుగువాళ్ళంతా వెనక వరసలో రసీదులు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఈయన దగ్గర ఒక్కటీ లేదు. పోనీ నోటీసులైనా చూపిద్దామంటే అవి ఎప్పుడో బంగాళాఖాతం చేరాయి.

"పోటు మీద వదిలి ఉంటే ఈపాటికి గుమ్మంలోకి వచ్చీసుండేవి" అన్నారాయన గొంతు తగ్గించి.

పిన్ని గోడకి ఆనుకుని నడుం పట్టుకుని నిలబడింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేదని నాకనిపించింది. తప్పులో సగం నాది. ఆ అర్జీలన్నీ రాసిన చెయ్యి నాదే కదా.

ఆ సాయంత్రం మా ఇంట్లో పరీక్ష పేపర్ల కట్టలు దింపి, ఫైలు తీశాను. తొమ్మిది అర్జీల నకళ్ళు. ప్రతి దాంట్లో ఇంటి నంబరు, నోటీసు నంబరు, ఏ ఏడాది బకాయో వివరం, అడుగున కౌన్సిలు వారి గుండ్రటి ముద్ర. ఇల్లు వద్దు మొర్రో అని తొమ్మిదిసార్లు మొత్తుకున్న కాగితాలు, ఇల్లుందని తొమ్మిదిసార్లు సాక్ష్యం చెబుతున్నాయి. సరంగు గారు వాటిని ఒక్కొక్కటే చూసి గొంతు సవరించుకున్నారు.

"కాగితం తియ్యండి టీచరమ్మా."

పదో అర్జీ ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. కుదించడానికి అందులో తిట్లేమీ లేవు. "అయ్యా, తమరు దయతో రద్దు సేసిన నా బకాయి నాకు తిరిగి ఇప్పించండి. అపరాధ రుసుముతో సహా ఇప్పించండి. నా ఇంటిని మల్లీ రాసుకోండి. ప్రతి పైసా కడతాను."

కౌన్సిల్లో ఆ అర్జీని మూడు బల్లల వాళ్ళు చదివి, మూడు బల్లల దగ్గరా నవ్వారు. మళ్ళీ తనిఖీకి ఆ కుర్రవాడే వచ్చాడు. ఈసారి కాళ్ళకి మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు, జేబులో కొత్త ఆటుపోట్ల పుస్తకం. స్కూటర్ మా ఇంటి దగ్గరే వదిలి నడిచి దిగాడు. సరంగు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "సాబ్, తప్పు నాదే, మీ స్కూటరు..." అనబోతే, "చాచా, ఆ ఆడపిల్లకి పేరేం పెట్టారు?" అని అడిగాడతను. నివేదిక మాకు అనుకూలంగా రాశాడు.

బకాయి తిరిగి వచ్చింది. సరంగు గారు తన పింఛను పొదుపులోంచి మొత్తం కట్టి, రసీదు తీసుకుని, కౌంటర్ ముందే నిలబడి నాచేత గట్టిగా చదివించుకున్నారు. వరసలోవాళ్ళు ఏమనుకున్నారో మరి. ఎత్తు మీద స్థలం వచ్చింది, చిన్న ఇల్లు లేచింది. గృహప్రవేశం నాడు పిన్ని మంచం మీంచి కాళ్ళు కింద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూసుకుంది. ఆవిడ నవ్వడం నాకు ఆ రోజే తెలిసింది.

స్థలం ఇచ్చాక పాత ఇంటి నంబరు కొట్టేస్తామన్నాడు గుమాస్తా. సరంగు గారు బల్ల మీద చెయ్యి వేశారు.

"సముద్రం ఓసారి కొట్టీసింది, తమరోసారి కొట్టీసారు. సాలదేటి? ఉండనీండి."

ఉండనిచ్చారు. దాని మీద ఏటా ఒక చిన్న బిల్లు వచ్చేది, మా గేటు మీదుగానే. కొత్త ఇంటి పన్ను గురించి ఆయన మళ్ళీ కౌన్సిలుతో యుద్ధం మొదలుపెట్టారు, అక్కడా కాలవ వేయలేదు కాబట్టి. కానీ మునిగిన ఇంటి బిల్లు మాత్రం వచ్చిన రోజే వెళ్ళి కట్టేసేవారు. ఒక ఏడు వాన జోరుగా ఉందని రేపు కడుదురు లెండి అన్నాను. "దానికి బాకీ పడకూడదు టీచరమ్మా. కౌన్సిలోల్లు అడిగితే కాదన్నానికి మనిసి నేడక్కడ" అన్నారు.

పోయిన గురువారం వచ్చింది ఆ ఇంటి నోటీసే. వానల్లో ఆయన పోయాక ఎవరూ కట్టలేదు. పింఛను కాగితాల మధ్య పిన్నికి తోచలేదు, నాకూ తోచలేదు.

నిన్న ఇద్దరం కౌన్సిలుకి వెళ్ళాం. కౌంటర్లో కొత్త అమ్మాయి, మన తెలుగమ్మాయే. నోటీసు చూసి, కంప్యూటర్ చూసి, జాలిపడింది. "అరే దీదీ, ఈ ఘర్ పానీలో ఉంది కదా! ఒక అప్లికేషన్ ఇవ్వండి చాలు, కొట్టేస్తాం. కట్టక్కర్లేదు."

పిన్ని కొంగుముడి విప్పి డబ్బు బల్ల మీద పెట్టింది. "కట్టించుకో అమ్మా" అంది.

రసీదు వచ్చింది. నిలబడి గట్టిగా చదివాను. పిన్ని కళ్ళు మూసుకుని విన్నది. అపరాధ రుసుము దగ్గర ఒక కన్ను తెరిచింది. అప్పుడు నేను సంచీలోంచి రాత్రి రాసి తెచ్చిన అర్జీ తీసి ఆ అమ్మాయికిచ్చి, నకలు మీద ముద్ర వేయమన్నాను. ఆ అమ్మాయి చదువుకుని, పైకి చూసి, ముద్ర వేసింది.

అందులో ఒక్కటే వాక్యం. పై నంబరు ఇంటి ముందు మురుగుకాలవ ఇంతవరకూ వేయలేదని.